దండెం మీద పదో చొక్కా

క్లెమెంట్ షిమాన్‌స్కీ ఇంటి పెరట్లో దండెం ఉంది. రెండు ఇనప స్తంభాల మధ్య లాగి కట్టిన తెల్లతాడు. మిల్వాకీ దక్షిణపు వాడల్లో ఒకప్పుడు ప్రతి పెరట్లోనూ అలాంటిది ఉండేది. ఆరబెట్టే యంత్రాలు వచ్చాక తాళ్ళు పోయాయి, స్తంభాలు మిగిలాయి. క్లెమ్ మాత్రం తాడు తీయలేదు. సరస్సు గాలికి ఆరిన చొక్కాకి ఒక వాసన ఉంటుందనీ, యంత్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదనీ అనేవాడు.

అతనిది అక్షరాలు రాసే వృత్తి. బార్ల కిటికీల మీద బంగారు రేకు అక్షరాలు, బేకరీ బండ్ల మీద రొట్టెలు, పడవల వీపున వాటి పేర్లు. నలభై ఏళ్ళు ఈ ఊరు అతని చేతిరాతలో బతికింది. తరవాత యంత్రం కోసిన ప్లాస్టిక్ అక్షరాలు వచ్చాయి. ఒక్కో కిటికీ మీంచీ అతని రాతని బ్లేడుతో గీకేశారు. గీకిన చోట, సాయంత్రం ఎండ అడ్డంగా పడినప్పుడు, పాత పేరు లేతగా కనిపించేది. క్లెమ్ ఆగి చూసి మళ్ళీ నడిచేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "రెండు చేతులకీ రంగు అంటుకుని ఉంటుంది, ఉంగరం ఎక్కడ తొడగను" అనేవాడు.

అతని తండ్రి తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక పోలిష్ వాళ్ళ జట్టులో సాకర్ ఆడేవాడు. వానలో నానిన తోలు బంతి రాయిలా బరువెక్కేదట. దాన్ని తలతో కొట్టి తండ్రి ఇంటికి వస్తే నుదుటి మీద బంతి కుట్ల అచ్చు ఉండేదట. ఊరంతా బేస్‌బాల్ ఊరు. బళ్ళో పిల్లలు క్లెమ్‌ని చూసి, "మీ నాన్నకి చేతులు లేవా" అని నవ్వేవాళ్ళు. పెద్దయ్యాక శనివారం పొద్దున్నే ఆరున్నరకి డ్వెయిన్ బారుకి వెళ్ళి, వేయించిన గుడ్డూ కాఫీ ముందు పెట్టుకుని, సముద్రం అవతలి ఆటలు టీవీలో చూసేవాడు. అది చాలా దూరపు వెలుగు. మన దగ్గరికి వచ్చేసరికి చల్లబడిపోయేది.

ఈ ఊరికి పెద్ద లీగులో జట్టు వచ్చినప్పుడు అతనికి యాభై ఎనిమిదేళ్ళు. జట్టు పేరు హార్బర్. ఉత్తరపు గోలు వెనక ఉన్న మెట్ల మీద మేం నిలబడేవాళ్ళం. కూర్చోవడం ఉండదు. నేను వారమంతా స్కూలు బస్సు నడుపుతాను, శనివారం అక్కడ డోలు కొడతాను. క్లెమ్ ఆ మెట్లన్నిటినీ కప్పేంత బట్ట మీద బొమ్మలు వేసేవాడు. మా దగ్గర కొన్ని పద్ధతులున్నాయి. గుడ్డ మీద ఎవరి పేరూ ఉండదు. ఒక్క ఆటకే ఎగరేస్తాం, తరవాత కత్తిరించి ముక్కలు పంచుకుంటాం. దాని మీది మాట ఎవరికి తట్టిందో, తాడు వాళ్ళే లాగాలి.

ఏడేళ్ళు ఆడినా హార్బర్ ముందుకీ పోలేదు, అడుగుకీ పడిపోలేదు. శుక్రవారం చర్చి నేలమాళిగలో చేపల వేపుడు తింటూ మేం ఎప్పుడూ ఆ సంగతే మాట్లాడుకునేవాళ్ళం. రై రొట్టె, క్యాబేజీ తురుము, బంగాళదుంప అట్లు, వాదన.

"ముప్పై దాటినవాడిని బయటి దేశం నుంచి కొనడం దేనికి? అరిగిన టైర్లకి కొత్త ధర" అనేవాడు డ్వెయిన్. "ఆ ఖర్చు మన పిల్లల మీద పెట్టమను. పదేళ్ళలో చూడు."

"పదేళ్ళా? నన్ను చూసే ఆ మాట అంటున్నావా?" అనేవాడు క్లెమ్.

"నిన్ను చూసి కాదులే. నీ ప్లేటు చూసి. అది మూడో చేప."

"నువ్వు నవ్వు. నాకు ఒక్క పాస్ చూడాలని ఉంది డ్వెయిన్. బంతి వెళ్ళాక గాని అది ఎక్కడికి వెళ్ళాలో మనకి తెలియని పాస్. టీవీలో కాదు. గడ్డి వాసన ముక్కుకి తగులుతుండగా. ఆ ఒక్కటీ చూపించమను, ఇక గోల చెయ్యను."

క్లెమ్ ఇంటి పైవాటాలో ఎఫ్రాయిన్ ఉండేవాడు. హార్బర్ ఎడమ డిఫెండరు, మూడో నంబరు. మూడు వీధుల అవతల పుట్టి, మా పార్కులోనే మోకాళ్ళు చెక్కుకున్న కుర్రాడు. మా ఆటలో అతని స్థాయివాళ్ళు సొంత ఇల్లు కొనుక్కోలేరు. నాలుగేళ్ళుగా భార్య మారిసేలాతో ఆ పైవాటాలోనే అద్దెకుంటున్నాడు. క్లెమ్‌ని స్పానిష్ మర్యాదతో "దోన్ క్లెమ్" అని పిలిచేవాడు. చలికాలం పొద్దున్నే వెనక మెట్ల మీది మంచు పారతో తీసేవాడు, కిందివాటా మెట్లతో సహా. సోమవారం అతని చొక్కాలు దండెం మీద ఆరేవి. గాలికి అవి ఒకవైపు వంగి పరిగెత్తుతున్నట్టు ఉండేవి.

ఆ చొక్కాల్ని చూస్తుంటేనే క్లెమ్‌కి మాట తట్టింది.

ఏప్రిల్‌లో మూతపడిన చెప్పుల గోదాములో రెండు వారాలు మోకాళ్ళ మీద పనిచేశాం. బొమ్మలో, మెట్ల ఈ చివర నుంచి ఆ చివరకి పట్టేంత దండెం. దాని మీద పది చొక్కాలు. పదో నంబరు ఉండాల్సిన చోట ఖాళీ, రెండు క్లిప్పులు మాత్రం తాడుని పట్టుకుని ఉన్నాయి. కింద ఒకే మాట: పదో చొక్కా ఎక్కడ? పదో నంబరంటే ఆటని నడిపేవాడు. అది చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఖాళీ సరిగ్గా కనపడాలంటే మిగిలినవి పాతబడి ఉండాలన్నాడు క్లెమ్. పదింటికీ మాసికలు వేశాడు. మూడో నంబరు ఎర్రచొక్కాకి భుజం మీద నీలం మాసిక. చుట్టూ తెల్లరంగుతో కుట్లు. దగ్గరికెళ్ళి చూసినా నిజం దారమే అనిపించేది.

"ఎఫ్రాయిన్ ఏమనుకుంటాడో" అన్నాను.

"వేళాకోళం గెర్టీ. వాడికి తెలియదా?" అన్నాడు కుంచె ఎత్తకుండా.

శనివారం తాడు లాగింది క్లెమ్. గుడ్డ మా తలల మీదుగా తెరచాపలా లేచింది. గుడ్డ వెనక ఎర్రటి నీడలో మేం పాడాం. అవతల మైదానంలో పదకొండుమంది దాన్ని చూస్తున్నారని మాకు ఆ క్షణాన గుర్తు లేదు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది.

తరవాతి శుక్రవారం హోల్‌కోంబ్ నేలమాళిగకి వచ్చాడు. ఆటగాళ్ళని తెచ్చేదీ పంపేదీ అతనే. అభిమానులతో ఏడాదికోసారి కూర్చోవడం క్లబ్బు ఆనవాయితీ. ఈసారి ముందే వచ్చి, మా బల్ల దగ్గరే ప్లేటు పెట్టుకున్నాడు.

మా లీగులో జట్టు మొత్తం జీతాలకి ఒక హద్దు ఉంటుంది. పేరున్న ఒకడిని హద్దు దాటి తెచ్చుకోవచ్చు. అయినా అతని కోసం హద్దు లోపల కొంత చోటు చేయాలి. చోటంటే మనిషి. ఆ మనిషిని ఏ ఊరికి పంపినా అతన్ని అడగాల్సిన పని లేదు, చెబితే చాలు. క్లెమ్‌కి ఈ నిబంధనలన్నీ ప్రార్థనలా నోటికి వచ్చు.

"మీ దండెం చూశాను" అన్నాడు హోల్‌కోంబ్. "ఉరుగ్వే నుంచి సల్దీవియా వస్తానంటున్నాడు. మేమూ తేవాలనే అనుకుంటున్నాం. కానీ అతను రావాలంటే ఒకరు వెళ్ళాలి. ఎవరిని పంపమంటారు? మీరే చెప్పండి."

వంటగదిలో గరిటె నూనె మూకుడు అంచుకి తగిలిన చప్పుడు వినపడింది. క్లెమ్ ముఖం వైపు చూశాను. అరవై ఐదేళ్ళలో అతన్ని ఎవరూ ఏదీ అలా అడగలేదు. అక్షరం ఎంత ఎత్తుండాలని మాత్రమే అడిగారు.

"ఎడమ డిఫెండరు ఎక్కడైనా దొరుకుతాడు" అన్నాడు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. హోల్‌కోంబ్ ఏదీ రాసుకోలేదు, తల ఒకసారి ఊపి రొట్టె తుంచుకున్నాడు.

కారులో నేను ఇంటికి తీసుకెళ్తుంటే క్లెమ్ అడిగాడు. "నేను పేరేమీ చెప్పలేదు కదా గెర్టీ?"

"లేదు."

"ఆడే చోటు చెప్పాను. అంతే."

అతని ఇంటి పైవాటాలో దీపం వెలుగుతోంది. మారిసేలా కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తోంది. క్లెమ్ కారు దిగి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

మే నెలలో ఒక బుధవారం పొద్దున ఎఫ్రాయిన్ ఫోను చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు. డోలుకి కొత్త తోలు బిగించే పని మీద నేనూ అక్కడే ఉన్నాను.

"దోన్ క్లెమ్, నన్ను టక్సన్ జట్టుకి ఇచ్చేశారు."

"ఎప్పుడు?"

"ఇందాక. ఎల్లుండి పొద్దున ప్రాక్టీసుకి అక్కడ ఉండాలట." నవ్వబోయాడు. "అక్కడ మంచు పడదట. పార మీకే వదిలేస్తున్నా."

మారిసేలాకి అప్పుడు ఆరో నెల. ఆమె డాక్టరు ఇక్కడ, అమ్మ ఇక్కడ. కాన్పయి, కాస్త కోలుకునేదాకా ఆమె పైవాటాలోనే ఉండాలని అనుకున్నారు. ఆ రెండు రోజులూ క్లెమ్ పెట్టెలు మోశాడు. అట్టపెట్టెల మీద బూట్లు, పుస్తకాలు, వేసవి బట్టలు అని పెద్ద అక్షరాలతో రాశాడు. అంత అందంగా రాసిన పెట్టెలు విమానాశ్రయంలో ఎవరూ చూసి ఉండరు. ప్రతి పెట్టె దగ్గరా అతని నోరు తెరుచుకుని మూసుకోవడం నేను చూశాను. చివరికి గేటు దగ్గర అన్న మాట ఇది: "ఎండలో టోపీ పెట్టుకో నాయనా."

సల్దీవియా వచ్చాడు. సన్నటి మనిషి, కాస్త గూని, వాన మొదలైతే ఎక్కడ నిలబడాలో ముందే తెలిసినవాడిలా నడిచేవాడు. రెండో ఆటలో, ఇరవయ్యో నిమిషంలో, మైదానం మధ్య నిలబడి తల కూడా ఎత్తకుండా కాలి అంచుతో బంతిని ఎడమ వైపుకి వదిలాడు. బంతి ముగ్గురి మధ్య నుంచి, కిటికీ సందులోంచి వెలుగు దూరినట్టు దూరి, గడ్డిని రాసుకుంటూ ఎడమ అంచుకి వెళ్ళింది. క్లెమ్ అరవై ఐదేళ్ళుగా ఎదురుచూసింది అదే. గడ్డి వాసన వస్తోంది. అతను ఏడుస్తున్నాడు.

అక్కడ ఎవరూ లేరు.

బంతి గీత దాటి బయటికి పోయింది. కొత్త ఎడమ డిఫెండరు పది అడుగుల వెనక నిలబడి చేతులు చాచాడు. ఎఫ్రాయిన్ అయితే ఎప్పుడూ అంతకు ముందే పరుగు మొదలుపెట్టి ఉండేవాడు. బంతి వచ్చినా రాకపోయినా, ఏడేళ్ళు ఆ అంచున ఊరికే పరిగెత్తాడు. ఆ పరుగు అందుకోగల పాస్ ఇప్పుడు వచ్చింది. పరుగెత్తేవాడు టక్సన్‌లో ఉన్నాడు.

"చూశావా?" అంది నా పక్కనున్న అమ్మాయి, ఆ పాస్ గురించి.

"చూశాను" అన్నాడు క్లెమ్.

ఆ వేసవిలో హార్బర్ చాలా ఆటలు గెలిచింది. మెట్లు కిక్కిరిసిపోయాయి. సల్దీవియా గోలు కొట్టినప్పుడు క్లెమ్ చేతులు సగం లేచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగేవి. శుక్రవారాలు తలుపు దగ్గరి బల్లకి మారాడు. "ఏమయ్యా, గెలిచింది నీ వాదనే కదా, ఆ మొహమేంటి" అని డ్వెయిన్ అడిగితే, చేప ముల్లు గుచ్చుకుందన్నాడు. అతని ప్లేటులో చేప లేదు.

ఆగస్టులో పాప పుట్టింది. నోయెమి అని పేరు పెట్టారు. ఎఫ్రాయిన్ వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళాడు. ఆ రెండు రోజులూ క్లెమ్ ఇంట్లో లేడు. షెబోయ్గన్‌లో ఎవరిదో పడవకి పేరు రాయాలన్నాడు. తిరిగొచ్చాక మారిసేలా సామాన్లు పైకి మోశాడు, పాప గుడ్డలు దండెం మీద తనే ఆరేశాడు. "మీలాంటి ఇంటి ఓనరు ఎవరికీ దొరకడు" అని ఆమె అన్న రోజు సాయంత్రం నాకు ఫోను చేసి, వాతావరణం గురించి చెప్పి పెట్టేశాడు.

ఏప్రిల్‌లో గుడ్డ ముక్కలు పంచుకున్నప్పుడు మూడో నంబరు ముక్క అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు దాన్ని గ్యారేజీ గోడకి కొట్టి, నీలం మాసిక మీద ఎర్రరంగు వేశాడు. ఆరాక నీలం కనపడింది. ఇంకో పూత వేశాడు. ఇంకోటి. నేను వెళ్ళేసరికి నాలుగో పూత ఆరుతోంది. ఎరుపు కింద ఆ నాలుగు మూలల గుడ్డముక్క దెబ్బ తగిలిన చోటులా కమిలి ఉంది.

"నలభై ఏళ్ళు ఈ పనే చేశాను" అన్నాడు. "కప్పలేనని ముందే తెలుసు."

"వాడికి చెప్పెయ్" అన్నాను.

"చెబితే మారిసేలా ఈ ఇంట్లో ఎలా ఉంటుంది?"

అది నిజమో సాకో అతనికీ తెలియదు. నాకూ తెలియదు. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే ఎక్కువ రెట్టించలేదు.

అక్టోబరులో టక్సన్ మా ఊరు వచ్చింది. మెట్ల మీద ఈలలూ పాటలూ. ఎఫ్రాయిన్ పసుపు చొక్కాలో, మూడో నంబరుతోనే, మా వైపు ఒకసారి చెయ్యెత్తాడు. రెండో సగంలో సల్దీవియా మళ్ళీ ఆ పాస్ వదిలాడు, అదే సందులోంచి, అదే అంచుకి. ఈసారి అక్కడ మనిషి ఉన్నాడు. ఎఫ్రాయిన్ అవతలి అంచు నుంచి ముందే అడ్డంగా పరిగెత్తి వచ్చి, బంతి తనకే రాసిన ఉత్తరంలా అందుకుని, మైదానం సగం దాటి తనవాళ్ళకి అందించాడు. వాళ్ళు గోలు కొట్టారు.

మెట్లన్నీ నిశ్శబ్దమయ్యాయి. ఒక్క మనిషి చప్పట్లు కొడుతున్నాడు.

"నీది ఏ జట్టయ్యా?" అన్నాడు డ్వెయిన్.

క్లెమ్ చప్పట్లు ఆపలేదు.

మర్నాడు ఆదివారం. ఎఫ్రాయిన్ సోమవారం దాకా సెలవు తీసుకున్నాడు, భార్యనీ పాపనీ వెంట తీసుకుపోవడానికి. మారిసేలా పాపతో అప్పటికే వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది. ఉయ్యాల మంచం దింపాలి. వెనక మెట్లు ఇరుకు. పైన ఎఫ్రాయిన్, కింద క్లెమ్, మధ్యలో మంచం. నేను అడుగున తలుపు పట్టుకుని నిలబడ్డాను. సగం దూరంలో, మలుపు దగ్గర, క్లెమ్ ఆగిపోయాడు.

"మెట్టు కాలికి తగిలిందా?" అన్నాడు ఎఫ్రాయిన్.

"నేనే అన్నాను" అన్నాడు క్లెమ్. "హోల్‌కోంబ్ అడిగాడు ఎవరు వెళ్ళాలని. ఎడమ డిఫెండరు ఎక్కడైనా దొరుకుతాడని నేనే అన్నాను."

మంచం ఇద్దరి చేతుల్లోనూ ఉంది. దించడానికి చోటు లేదు.

"తెలుసు దోన్ క్లెమ్."

"ఏం తెలుసు?"

"ఆ బుధవారమే చెప్పాడు హోల్‌కోంబ్. ఫోనులో. 'మీ ఇంటి ఓనరు కూడా అదే అన్నాడు' అని." పట్టు మార్చుకున్నాడు. "మంచం కాస్త మీ ఎడమకి వంచండి, గోడకి గీసుకుంటోంది."

క్లెమ్ వంచాడు. మంచం అంచు మళ్ళీ గోడకి గీసుకుంది. గాజు మీద బంగారు గీత గీసిన చేతులు అవి.

"ఆ రోజే తెలిసి, నాతో పెట్టెలు మోయించావా?"

"మోస్తానని మీరే వచ్చారు. చెబుతారేమో అని చూశాను. పెట్టె పెట్టెకీ చూశాను. పాప పుట్టినప్పుడు వచ్చి చూశాను, మీరు లేరు."

"మరి మారిసేలాని ఈ ఇంట్లో ఎందుకుంచావు?"

"ఆమెకి తెలియదు. ఇంకెక్కడుంచను? మీ ఇల్లు మంచిది. మీరూ మంచివాళ్ళే. అదే కదా చిక్కు."

మరో రెండు మెట్లు దిగారు.

"నేనన్నది తప్పు" అన్నాడు క్లెమ్.

"తప్పు కాదు. రెండు వారాల్లో ఇంకొకడు దొరికాడుగా వాళ్ళకి." ఎఫ్రాయిన్ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "నేనూ మెట్ల మీద నిలబడి ఉంటే సల్దీవియానే కొనమనేవాణ్ణి. ఆ మాట హోల్‌కోంబ్ అనుకుంటే నాకేం కాదు. మీ నోట రాకుండా ఉంటే బాగుండేది. అంతే."

మంచం నేల మీద పెట్టారు. ఎఫ్రాయిన్ చెయ్యి చాచలేదు, తిప్పుకోనూ లేదు. మంచం కాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. క్లెమ్ మరమేకులు ఒక్కోటీ అందుకుని గుప్పిట్లో పెట్టుకున్నాడు. పని అయ్యాక వాటిని చిన్న సంచిలో పోసి, దాని మీద ఏదో రాయబోయి, పెన్ను మూసేశాడు. ఏమీ రాయకుండానే ఇచ్చాడు.

నవంబరు చివర మొదటి మంచు పడింది. మా వాళ్ళు నన్ను క్లెమ్ దగ్గరికి పంపారు. హోల్‌కోంబ్ ఇంకో పేరున్న ఆటగాడి కోసం వెతుకుతున్నాడట, వచ్చే మార్చికి గుడ్డ కావాలి, మాట కావాలి. వెళ్ళేసరికి క్లెమ్ వెనక మెట్ల మీద ఎఫ్రాయిన్ వదిలిన పారతో మంచు తీస్తున్నాడు.

"కొనమనే రాయండి" అన్నాడు వగరుస్తూ. "మంచి ఆటగాళ్ళు కావాలి. అది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఎవరు వెళ్ళాలని అడిగితే మాత్రం ఎవరూ నోరెత్తకండి."

"మరి బొమ్మ?"

"వేస్తాను. తాడు నువ్వు లాగు." ఒక పార మంచు పక్కకి విసిరాడు. "చొక్కాలకి మాసికలు వెయ్యను."

కిందివాటా మెట్లు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. పైవాటాలో అక్టోబరు నుంచీ ఎవరూ లేరు. దండెం మీద మంచు సన్నగా, తాడంత వెడల్పున పేరుకుంది. అతను ఒక్కో మెట్టూ ఎక్కుతూ, తీస్తూ, తాళం వేసి ఉన్న పై తలుపు దాకా వెళ్ళాడు.